ఆంగ్ల పాఠమున వాక్యవైవిధ్యము : హోమరు కావ్యముల వినియోగము

ఆంగ్లరచనను బోధించు పుస్తకములలో వాక్యవైవిధ్యము అను నొక ప్రకరణము తరచుగా కనబడును. చిన్న వాక్యము తరువాత పెద్ద వాక్యము వ్రాయుము, ప్రతి వాక్యమును ఒకే పదముతో ఆరంభింపకుము, సామాన్యవాక్యమును సంయుక్తముగను, సంయుక్తమును సంక్లిష్టముగను మార్చుము అని అందలి ఉపదేశము. గుంటూరు, ప్రకాశము జిల్లాల విద్యార్థి ఈ అభ్యాసమును శ్రద్ధగనే చేయును. పరీక్షలో పది వాక్యములిచ్చి మార్చుమన్నచో మార్చి మార్కులు తెచ్చుకొనును. కాని తనంతట తాను ఒక పుట వ్రాయవలసి వచ్చినపుడు 'అండ్' అను పదముతో పదునైదు క్రియలను దండ గ్రుచ్చి ఊరకుండును. దోషము విద్యార్థిది కాదు. వైవిధ్యము వాక్యమునకు పైపై పూయదగిన రంగు అను భావముతో ఆ ప్రకరణము రచింపబడుటయే దోషము. సంప్రదాయ పాఠశాలలలో వాక్యము పొడవెంత అని కొలుచుట ఎవరును నేర్పలేదు. ఈ పదము దేనిని అపేక్షించుచున్నది అని అడుగుట మాత్రమే నేర్పిరి. ఈ రెండు మార్గముల నడుమ గల అంతరము సామాన్యమైనది కాదు.

ఇది కేవలము రచనాసౌందర్యమునకు సంబంధించిన చర్చ అని తోసిపుచ్చువారుందురు. పత్తి, మిర్చి పండించు నల్లరేగడి పల్లెలలోని ఇండ్లకు ఆంగ్లవాక్యము మొదట సాహిత్యరూపమున రాదు. పంటరుణపు పత్రముగ, పంటల బీమా షరతుగ, కోల్డ్ స్టోరేజీ నిబంధనగ, పురుగుమందు డబ్బాపై అంటించిన చీటిగ వచ్చును. అట్టి పత్రములలోని వాక్యములు పొడవైనవి. వానిలో 'అన్‌లెస్', 'ప్రొవైడెడ్ దట్', 'నాట్‌విత్‌స్టాండింగ్' అను పదములు తలుపునకు గడియలవలె ఉండును. ఏ ఉపవాక్యము ఏ ప్రధానవాక్యమునకు లోబడినదో తెలియని చదువరి ఆ గడియను తీయలేడు. 1987–88లో తెల్లదోమ, శనగపచ్చపురుగు ఈ జిల్లాల పత్తిని దెబ్బతీసినప్పుడు అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణములు తీసికొన్న సంగతి ఎవరును మరువలేదు. ఆ విపత్తునకు కారణము ఆంగ్లము రాకపోవుట అని చెప్పుట అవివేకము. కాని అట్టి ఇండ్లనుండి వచ్చు పిల్లలకు సంక్లిష్టవాక్యమును విప్పుట నేర్పుట విలాసము కాదని చెప్పుటకు ఆ సంగతి చాలును. 2019 నవంబరులో రాష్ట్రప్రభుత్వము ప్రభుత్వపాఠశాలల ప్రాథమిక తరగతులలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టుచు ఉత్తర్వులిచ్చినది. 2020 ఏప్రిల్‌లో ఉన్నతన్యాయస్థానము వానిని కొట్టివేసినది. ఆ సందర్భమున ఉభయపక్షముల వాదములలో మాధ్యమము గూర్చి వినబడినంతగా వాక్యము గూర్చి వినబడలేదు.

వాక్యమనగా నేమి అను ప్రశ్నకు భారతీయ శాస్త్రములు ఇచ్చిన సమాధానము ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు కొత్తది కాదు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కూడిన పదసమూహము వాక్యము. ప్రయోజనము ఒక్కటియై, విడదీసినచో భాగములు పరస్పరము అపేక్షించుచున్నంతవరకు అది ఏకవాక్యమే అని జైమిని నిర్ణయము. ఈ నిర్ణయమున పొడవునకు స్థానము లేదు. రెండు పదములైనను ఆకాంక్ష తీరినచో వాక్యము పూర్ణము. రెండువందల పదములైనను తీరనిచో అపూర్ణము. భర్తృహరి ఇంకను ముందునకు పోయి వాక్యము అఖండమనియు, పదవిభాగము శాస్త్రకారులు బోధకొరకు కల్పించుకొన్న ఉపాయమనియు తలచెను.

ఈ సిద్ధాంతము పాఠశాలలో సిద్ధాంతముగ ముందు చెప్పబడదు. అన్వయరూపమున అలవడును. రఘువంశము ప్రథమసర్గలో ఐదవ శ్లోకము మొదలు తొమ్మిదవ శ్లోకము వరకు ఒకే వాక్యము. నాలుగు శ్లోకములనిండ షష్ఠీబహువచన విశేషణములే. అవి ఎవరికి విశేషణములో, ఆ వంశమును కవి ఏమి చేయబోవుచున్నాడో ఐదవదానగాని తెలియదు. ఇట్టిదానిని కులకమందురు. రెండు శ్లోకముల వాక్యమునకు యుగ్మకమని, మూటికి విశేషకమని, నాలుగింటికి కలాపకమని వేర్వేరు పేరులున్నవి. వాక్యము పద్యపు గట్టు దాటుటకు ఇన్ని పేరులు పెట్టుకొన్నవారు వాక్యవైవిధ్యమును ఎరుగరని ఎవరైన తలచినచో నవ్వుకొనవలసినదే. పండ్రెండేండ్ల బాలుడు ఆ విశేషణములనన్నిటిని మనస్సున పట్టుకొని, ఐదవ శ్లోకమున విశేష్యము దొరకగానే ఒక్కొక్కదానిని దానికి కట్టును. ఖండాన్వయమైనచో క్రియనుండి బయలుదేరి 'ఎవడు? దేనిని? ఎట్టివారిది? ఎందులకు?' అని ప్రశ్నించుచు వాక్యమును పేర్చును. దండాన్వయమైనచో పదములను గద్యక్రమమున వరుసగ నిలుపును. కొలచెలమ మల్లినాథసూరి వ్యాఖ్యలు శతాబ్దుల తరబడి విద్యార్థులకు చేసిన ఉపకారము ఇదియే. ఈ విద్య చేతనున్న బాలుడు ఆంగ్లపు తరగతిలో మూడు పంక్తుల వాక్యమును చూచి బెదరుట విచిత్రము. తాళపుచెవి జేబులోనున్నది. అది ఈ తాళమునకు కూడ పట్టునని చెప్పినవారు లేరు, అంతే.

ఇచ్చట హోమరు ఎందులకు అను ప్రశ్న రాక తప్పదు. గ్రీకుకవి కావ్యములు ఆంగ్లపు తరగతిలో అనువాదములుగ మాత్రమే చదువబడును. అనువాదమునుండి ఆంగ్లవాక్యమును నేర్చుట యెట్లు అని ఆంగ్లాధ్యాపకులు కొందరు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణలోనే సమాధానమున్నది. ఇలియడ్ 15,693 పంక్తుల కావ్యము, ఒడిస్సీ 12,100 పైచిలుకు. రెండును ఇరువదినాలుగేసి భాగములుగ విభక్తములు. ఈ కథావస్తువును నాలుగువందల ఏండ్లకు పైగా ఆంగ్లకవులు మరల మరల ఆంగ్లీకరించుచున్నారు. చాప్‌మన్ 1611లో ఇలియడ్‌ను పదునాలుగు అక్షరముల దీర్ఘపాదములలో అంత్యప్రాసతో ముగించెను. పోప్ 1715–20 సంవత్సరముల నడుమ దానినే ద్విపదవంటి జంటపాదములలో పోసెను. రియూ 1946లో ఒడిస్సీని, 1950లో ఇలియడ్‌ను సామాన్యగృహస్థు చదువుకొనదగిన వచనముగ వ్రాసెను. లాటిమోర్ 1951లో గ్రీకు పదక్రమమునకు ఆంగ్లము ఓర్వగలిగినంత దగ్గరగ నిలిచెను. ఎమిలీ విల్సన్ 2017లో ఒడిస్సీని, 2023లో ఇలియడ్‌ను పంచగణపాదములలో, క్లుప్తవాక్యములలో వెలువరించినది. వస్తువు ఒక్కటే, పాత్రలొక్కరే, సంఘటన ఒక్కటే, వాక్యములు మాత్రమే వేరు. వాక్యభేదమువలన అర్థచ్ఛాయ యెట్లు మారునో చూపుటకు ఇంతకంటె అనువైన సామగ్రి స్వతంత్రరచనలలో దొరకుట కష్టము. తెలుగున దీనికి సాటి వెదకినచో మొల్ల, భాస్కరాదులు, రంగనాథరామాయణకర్త ఒకే సీతాపహరణమును చెప్పిన తీరులను పక్కపక్కన పెట్టవలెను.

పోప్ చేతిలో హోమరు తర్కించును. ఒక పాదార్ధము రెండవదానితో తూగును. పోటీ, విరోధము, సమత కొట్టవచ్చినట్లుండును. రియూ వచనమున అదే ఘట్టము పెద్దమనిషి సంభాషణవలె సాగును. విల్సన్ వాక్యము ఆగి, మరల అడుగు వేయును. మాథ్యూ ఆర్నాల్డ్ 1861లో ప్రకటితమైన తన ఉపన్యాసములలో హోమరునకు వేగము, భావమున సారళ్యము, భాషలో సారళ్యము, ఔదాత్త్యము అను నాలుగు లక్షణములు చెప్పి, ఆయా అనువాదకులు ఏ లక్షణమును కోల్పోయిరో విచారించెను. ఆ విచారణ విద్యార్థులచేత చేయింపదగినది. పోప్ పంక్తులు ఆరు, విల్సన్ పంక్తులు ఆరు నల్లబల్లపై వ్రాసి, ప్రధానక్రియలను గీతగీయుమన్నచో చాలును. వాక్యవైవిధ్య ప్రకరణములోని పదునాలుగు నియమములు నేర్పలేనిది అరగంటలో తెలియును.

అయితే హోమరు మూలవాక్యమే పాఠ్యపుస్తకపు నియమమునకు ప్రతికూలము. దీనిని దాచరాదు. ఆయన వాక్యము ఎక్కువగ పొరపై పొర పేర్చినట్లు సాగును. 'మరియు', 'అంతట', 'కాని' అను చిన్న అవ్యయములతో ఒక క్రియ ప్రక్క మరియొక క్రియ నిలుచును. సూర్యోదయము వచ్చిన ప్రతిసారి ప్రాతఃకాలదేవతకు అదే విశేషణము. అకిలీస్ ఊరక కూర్చున్నను వేగముగల పాదములవాడే. ఒకే మాటను మరల అనకుము అను ఆంగ్లోపాధ్యాయుని ఆజ్ఞ ప్రకారము హోమరు పరీక్షలో తప్పును. 1933–35 సంవత్సరములలో మిల్మన్ పారీ అను అమెరికను పండితుడు యుగోస్లావియా గ్రామములలో గాయకుల పాటలు ధ్వనిముద్రణ చేసి, ఈ పునరుక్తి ఆశుగాయకునికి ఆధారభూతమైన పరికరమని నిరూపించెను. 1935లో ఆవ్దో మెజెదోవిచ్ అను నిరక్షరాస్య గాయకుడు పండ్రెండువేల పంక్తులకు మించిన ఒకే పాటను చెప్పి వ్రాయించెను. అది ఇంచుమించు ఒడిస్సీ అంత. పారీ మరణానంతరము ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రకటించిన గ్రంథమున ఈ సిద్ధాంతము విపులమైనది.

ఇంత దూరము పోనక్కరలేని ఉదాహరణము పలనాటిలోనే కలదు. పన్నెండవ శతాబ్ది చివరిపాదమున కారెంపూడివద్ద జరిగిన పలనాటి యుద్ధమును వీరవిద్యావంతులు తరతరములుగ గానము చేయుచున్నారు. కార్తీక అమావాస్యనాడు ఆరంభమగు కారెంపూడి ఉత్సవములలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు దినముల క్రమము ఇప్పటికిని నిలిచియున్నది. శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన ద్విపదకావ్యమును ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో అక్కిరాజు ఉమాకాంతవిద్యాశేఖరులు పరిష్కరించి ప్రకటించిరి. మౌఖికగాథను జీన్ రోగేర్ అను పాశ్చాత్యపండితుడు ఆంగ్లమున అనువదించి, విపులమైన పరిశీలనతో 1982లో ఆక్స్‌ఫర్డునుండి ప్రకటించెను. అనగా పలనాటి వీరకథ ఒకే జిల్లా విద్యార్థికి మూడు వాక్యరూపములలో లభించుచున్నది. గాయకుని వాక్యము, ద్విపదవాక్యము, ఆంగ్లవాక్యము. ఇట్టి సౌకర్యము హోమరును చదువు ఆంగ్లదేశపు విద్యార్థికి సైతము లేదు. ఆతని ఊరిలో హోమరును పాడువారు లేరు.

ఈ రెండు వీరగాథల పోలిక పాఠమునకు పనికివచ్చునది, గర్వమునకు కాదు. ఇలియడ్ ఆరవ భాగమున ఆండ్రొమాకీ భర్తయైన హెక్టరును యుద్ధమునకు పోవలదని, కోటగోడకడనే నిలువుమని వేడును. తండ్రి శిరస్త్రాణపు కుచ్చును చూచి పసివాడు జడిసికొనును. పలనాటి కథలో మాంచాల బాలచంద్రుని యుద్ధమునకు పురికొల్పి పంపును. ఒకచోట అడ్డగించు ఇల్లాలు, మరియొకచోట సాగనంపు ఇల్లాలు. మొదటిదానిలో 'నీవు పోయినచో', 'నీవు లేకున్నచో' అను చేదర్థకములు వాక్యములను నడుపును. ఇట్టి ఘట్టమున షరతువాక్యము వ్యాకరణాభ్యాసము కాదు, భయమునకు భాష. రెండవదానికి ఆజ్ఞార్థక వాక్యములు తగును. అవి చిన్నవిగ ఉండును, ఉండవలెను. వాక్యము చిన్నదా పెద్దదా అనునది రచయిత రుచినిబట్టి కాక పాత్ర మనఃస్థితినిబట్టి నిర్ణయమగునని విద్యార్థికి ఈ ఒక్క జంటవలన స్పష్టమగును.

హోమరు దీర్ఘవాక్యము వ్రాయనివాడు కాడు. ఉపమలకడ ఆయన వాక్యము ఒక్కసారిగ విస్తరించును. ఇలియడ్‌లో విస్తృతోపమలు సుమారు రెండువందలు. యుద్ధము నడుచుచుండగా కవి హఠాత్తుగ 'ఎట్లు' అని ఆరంభించి పొలములోనికి పోవును, 'అట్లు' అని మరల రణరంగమునకు వచ్చును. ఆ పొలములు గుంటూరు, ప్రకాశము రైతుబిడ్డకు అపరిచితములు కావు. పదమూడవ భాగమున హెలెనస్ విడిచిన బాణము మెనెలేయస్ కవచమునకు తగిలి ఎగిరిపోవును. కళ్ళములో గాలికి తూర్పారబట్టువేళ వెడల్పైన చేటనుండి నల్లపొట్టు చిక్కుడు గింజలో శనగలో ఎట్లెగురునో అట్లు. శనగ పండించు ప్రకాశము జిల్లా విద్యార్థికి ఈ వాక్యమునకు టిప్పణి అక్కరలేదు. పన్నెండవ భాగమున గోడకు ఇరుప్రక్కల సైన్యములు ఎడములేక పోరాడుట, ఉమ్మడి చేలో కొలకర్రలు చేతబట్టి జానెడు గట్టుకొరకు తగవులాడు ఇద్దరు రైతులవలె ఉన్నదట. గట్టు తగాదాలు ఎరుగని పల్లె ఏది? ఆ వెంటనే మరియొక ఉపమ. యుద్ధము ఇటు అటు మొగ్గక సమముగ నిలుచుట, బిడ్డలకొరకు కొద్దిపాటి కూలి సంపాదించు నిజాయితీగల స్త్రీ త్రాసులో ఒకవైపు రాయి, మరియొకవైపు ఉన్ని పెట్టి ముల్లు సరిచూచినట్లున్నదట. తీసిన పత్తిని కాటా వేయించుకొని కూలి తీసికొను తల్లుల బిడ్డలు ఈ పంక్తి విన్నప్పుడు తరగతిలో ఏర్పడు నిశ్శబ్దమును ఊహింపవచ్చును. వీరుల యుద్ధమునడుమ ఒక పేదరాలి త్రాసును తెచ్చి నిలిపిన కవిని పరాయివాడనుట తగదు.

ఇరువదియొకటవ భాగములోని ఉపమ వాక్యబోధకు మిక్కిలి అనువైనది. నది అకిలీస్‌ను తరుముచుండును. దానికి పోలిక, తోటకు నీరు పెట్టు మనుష్యుడు. ఊటనుండి మొక్కల నడుమకు కాలువ తీసి, చేత పారతో అడ్డుతగులు మట్టిని తొలగించుచుండును. నీరు కదలును. గులకరాళ్ళు దొరలును. పల్లము వచ్చినంతనే నీరు గలగలమని, దారి చూపుచున్న మనుష్యునే దాటిపోవును. అట్లే నదీతరంగము అకిలీస్‌ను అందుకొనెను. సాగర్ కాలువనీటికి బోదెలు తీసినవారికి ఆ నీరు మనిషిని దాటు క్షణము తెలియును. ఇప్పుడు దీనికి ఖండాన్వయము. ఏమి చేసెను? అందుకొనెను. ఏది? నదీతరంగము. ఎవనిని? అకిలీస్‌ను. ఎట్లు? నీరు మనుష్యుని దాటినట్లు. ఏ నీరు? ఊటనుండి తీయబడినది. ఎట్టి మనుష్యుని? పార చేతబట్టి అడ్డు తొలగించుచున్నవానిని. ఎప్పుడు దాటెను? పల్లము వచ్చినప్పుడు. ఈ ప్రశ్నలు సంస్కృతాధ్యాపకుని నోట నిత్యమున్నవే. వీనినే ఆంగ్లానువాదముపై ప్రయోగించినచో 'హూ', 'విచ్', 'వెన్', 'యాజ్' అను పదములు ఏ ప్రశ్నకు సమాధానములో బయటపడును. ఆ తరువాత ఒక చిత్రము గమనింపజేయవలెను. వాక్యములో మనుష్యుడు కర్తగ మొదలగును, చివరకు నీరు కర్తయై ఆతనిని కర్మగ చేసికొనును. కర్తృత్వము చేతులు మారుటయే ఇందలి అర్థము. దీనిని ఐదు సామాన్యవాక్యములుగ విడదీసి వ్రాయుమని ఒక విద్యార్థికి, పాసివ్ వాయిస్‌లోనికి మార్చుమని మరియొకనికి ఇచ్చినచో ఏది పోయినదో ఇద్దరును చెప్పగలరు.

తెలుగు విద్యార్థి 'అండ్' దండకు అసలు కారణము వేరొకటి కలదు. తెలుగున ప్రధానక్రియ చివర నిలుచును. అప్రధానక్రియలు ముందుగా వచ్చును. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము అని వ్యవహరించిన రూపములు ఈ పనికే. 'పోయి, చూచి, తెచ్చి, ఇచ్చెను' అన్నప్పుడు నాలుగు క్రియలు సమానములు కావు. మూడు నాలుగవదానికి లోబడినవి. దీనిని ఆంగ్లమున 'వెంట్ అండ్ సా అండ్ బ్రాట్ అండ్ గేవ్' అని వ్రాయగానే నాలుగును సమానప్రధానములగును. అధీనత అంతయు నశించును. విద్యార్థి తెలుగు వాక్యజ్ఞానము లోపించి తప్పు చేయుట లేదు. అధీనతను తెలుగు ప్రత్యయమున దాచును, ఆంగ్లము విడిపదమున చూపును అని ఆతనికి చెప్పబడలేదు. మరియొక చిక్కు ఏమనగా, తెలుగున 'వచ్చిన మనిషి' అని విశేషణము ముందు నడచును, ఆంగ్లమున 'మనిషి' తరువాత 'హూ' వచ్చును. ఇచ్చట తెలుగుకంటె సంస్కృతము దగ్గరి మార్గము. యచ్ఛబ్ద తచ్ఛబ్దములకు నిత్యసంబంధమని అలవడినవానికి 'హూ', 'విచ్' కొత్తవి కావు. యద్వాక్యము ముందైనను వెనుకైనను నిలువగలదని ఆతడెరుగును. ప్రాచ్యకళాశాల విద్యార్థి ఆంగ్లమున వెనుకబడినవాడని అనుకొనుట అలవాటైపోయినది. సంక్లిష్టవాక్యము విషయమున ఆతడు ముందున్నవాడు. ఈ మాట ఆతనికే తెలియదు.

గద్యమునందలి వైవిధ్యము గూర్చి ఆలంకారికులు చేసిన విభాగమును కూడ ఆంగ్లాధ్యాపకులు ఒకసారి చూడదగును. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున గద్యమును ముక్తకము, వృత్తగంధి, ఉత్కలికాప్రాయము, చూర్ణకము అని నాలుగు విధములుగ చెప్పెను. సమాసరహితము, ఛందోగంధము కలది, దీర్ఘసమాసములు కలది, అల్పసమాసములు కలది అని స్థూలార్థము. బాణుడు పుటలకొద్ది సాగు వాక్యములకు ప్రసిద్ధుడు. అదే బాణుడు కాదంబరిలో శుకనాసుడు లక్ష్మీచాంచల్యమును చెప్పునపుడు రెండు మూడు పదముల వాక్యములను వరుసగ విసరును. లక్ష్మి నిలువదు, వాక్యము కూడ నిలువదు. వైవిధ్యమునకు ఇంతకంటె నిదర్శనము ఏ కంపోజిషను పుస్తకమునను కనబడదు. ఈ నేలపై పుట్టిన ఎఱ్ఱాప్రగడ సంగతి మరియు విశేషము. గుడ్లూరివాడై, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున వెలసిన ఆ కవి నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించెను. మొదట నన్నయ ధోరణిలో ఆరంభించి క్రమముగ తిక్కన ధోరణికి చేరెనని విమర్శకులు చెప్పుదురు. అనగా ఇద్దరు మహాకవుల వాక్యముల నడుమ అతుకు కనబడకుండ వంతెన కట్టుటయే ఆయన పని. వాక్యవైవిధ్యమును ఒక బాధ్యతగ స్వీకరించిన కవి ఒంగోలు పరిసరములలోనే ఉండగా దానిని పరాయిశాస్త్రముగ బోధించుట దేనికి?

ఇక సంప్రదాయపండితులనుండి వచ్చు ఆక్షేపణ. వ్యాసవాల్మీకులుండగా హోమరు దేనికని. ఈ ఆక్షేపణకు పాత గాయమొకటి కారణము. 1870లో వేబర్ అను జర్మను పండితుడు రామాయణమున హోమరు ప్రభావము కలదని ప్రతిపాదించెను. 1873లో కాశీనాథ త్ర్యంబక తెలాంగు దానిని యుక్తియుక్తముగ ఖండించెను. గ్రీకువక్త డియో క్రిసోస్టమ్ భారతీయులు హోమరును తమ భాషలో పాడుకొందురని వ్రాసిన మాటను కొందరు మహాభారతమును గూర్చిన వినికిడిగ వ్యాఖ్యానించిరి. ఎవరు ఎవరికి ఋణపడిరి అను ఈ వివాదమును తరగతిలోనికి తెచ్చుట వ్యర్థము. హోమరును ఆంగ్లపు తరగతిలో చదువుట వ్యాసుని స్థానమున నిలుపుటకు కాదు. ఆంగ్లపు తరగతిలో ఆ స్థానమున ఇప్పుడున్నవాడు వ్యాసుడు కాడు, గైడుపుస్తకము. ఈ సంగతి ఆక్షేపకులు మరచుచున్నారు.

కాలము చాలదు అని ఆంగ్లాధ్యాపకులు చెప్పు మాట మాత్రము తోసివేయరానిది. ఇలియడ్ అంతయు చదువుట ఎవరికిని సాధ్యము కాదు, అవసరమును కాదు. పైన చెప్పిన నాలుగు ఉపమలు, ఆరవభాగములోని వీడ్కోలు, అంతే. నాలుగు వారములలో వారమునకు రెండు గంటల చొప్పున ముగియును. అయితే ఒక నియమము కావలెను. ఆ గంటలలో సంస్కృతాధ్యాపకుడును ఆంగ్లాధ్యాపకుడును ఒకే తరగతిలో కూర్చుండవలెను. ఒకరు ప్రశ్నలు వేయుదురు, ఒకరు ఆంగ్లపదముల నడకను చెప్పుదురు. ప్రాచ్యకళాశాలలలో ఈ ఇద్దరి గదులకు నడుమ ఉన్నది ఒక గోడ మాత్రమే అయినను, ఆ గోడ ఉపమలోని ఉమ్మడిచేని గట్టువలె బహుకాలము తగవులో ఉన్నది. ఒకరికి పాణిని తెలియును, ఒకరికి నెస్ఫీల్డ్ తెలియును. విద్యార్థికి ఇద్దరును కావలెను. వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు 1918నుండి ఈ ప్రాంతమున నిలిచియుండగా గ్రంథసామగ్రికి లోటని చెప్పుటయు కష్టము.

పరీక్ష విషయమున ఒక చిన్న మార్పు చాలును. 'ఈ వాక్యమును సంక్లిష్టవాక్యముగ మార్చుము' అను ప్రశ్న స్థానమున, మాంచాల బాలచంద్రుని సాగనంపిన ఘట్టమును ఆంగ్లమున మూడు తీరుల వ్రాయుమని అడుగవచ్చును. మొదటిది కారెంపూడిలో గాయకుడు చెప్పినట్లు, క్రియమీద క్రియ. రెండవది మాంచాల మాటగ, ఆజ్ఞార్థకములతో. మూడవది ఒకే దీర్ఘవాక్యముగ, పత్తిచేనిలోగాని మిర్చి కళ్ళములోగాని తాను చూచిన పోలిక నొకదానిని 'ఎట్లు – అట్లు' అని నడుమ నిలిపి. ఆ మూడు ప్రతులను బిగ్గరగ చదివించినప్పుడు 'అన్‌లెస్' ఎచ్చట కూర్చుండవలెనో, ఏ 'అండ్' ఉండదగినదో, ఏది తీసివేయదగినదో విద్యార్థులు తమలో తామే వాదించుకొందురు. అధ్యాపకుడు అప్పుడు మాటాడనక్కరలేదు.